ఇరవై ఎద్దులు, రెండు షట్టర్లు

మా ఊళ్లో ఏ రంగూ ఏడాదికి మించి నిలవదు. చంద్రపూర్‌లో కాపురం చేసినవాళ్లకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు. పొద్దున తెల్లచీర ఆరేస్తే సాయంత్రం బూడిదరంగు చీర మడతపెట్టుకోవాలి. దుకాణం షట్టర్‌కు ఎంత మంచి పెయింట్ వేయించినా, తర్వాతి వానాకాలానికి బొగ్గు ధూళి పట్టి, అది ఒకప్పుడు ఏ రంగులో ఉండేదో పందెం కాసుకోవాల్సిందే. అందుకని మా మామయ్య ఒక పద్ధతి పెట్టారు. ఏటా పోళా పండక్కి ముందు షట్టర్‌కు కొత్త రంగు పడాలి.

పోళా అంటే మా వైపు ఎద్దుల పండుగ. రైతులు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగు పూసి, తోరణం కింద వరసగా నిలబెడతారు. మర్నాడు పిల్లల వంతు. చక్రాల పలక మీద నిలబెట్టిన కర్ర ఎద్దులకు తాడు కట్టి వీధులన్నీ లాక్కుంటూ తిరుగుతారు. పూజాసామాను, బొమ్మలు అమ్మే మా దుకాణానికి ఏడాది మొత్తంలో అంతకు మించిన గిరాకీ లేదు. అప్పుడు షట్టర్ మసిగొట్టుకుని ఉంటే ఎవరొస్తారని మామయ్య వాదన.

మామయ్య పోయాక పద్ధతి మిగిలింది కానీ, ఏ రంగు వేయాలో చెప్పే మనిషి లేకుండా పోయారు. మా ఆయన ఒకటంటారు, మా మరిది ఇంకొకటంటాడు, నేను మరొకటంటాను. అందరం ఒప్పుకున్న పెద్దమనిషి చివరికి ఇంగ్లండులో దొరికాడు. అక్కడి పెద్ద ఫుట్‌బాల్ లీగ్. నవ్వితే నవ్వండి. మా ఇంట్లో తిండి లేకపోయినా గడుస్తుంది కానీ ఆగస్టు నుంచి మే దాకా శనివారం సాయంత్రం మ్యాచ్ లేకపోతే గడవదు.

పందెం ఇలా ఉంటుంది. ఆగస్టు మొదట్లో చుట్టుపక్కల వడ్రంగుల దగ్గర్నుంచి రంగు వేయని కర్ర ఎద్దులు గోతాల్లో వస్తాయి. రంగులు మేమే వేసుకుని అమ్ముకుంటాం. వాటిలోంచి మనిషికి ఇరవై చిన్న ఎద్దుల్ని తీసుకుని, లీగ్‌లో ఉన్న ఇరవై జట్ల రంగులు పూస్తాం. ఈ ఏడు ఏ జట్టు ఏ స్థానంలో నిలుస్తుందని ఎవరికి తోస్తే ఆ వరసలో, ఎవరి అల్మారా అరలో వాళ్లు ఎద్దుల్ని నిలబెట్టాలి. ఎడమ చివరనున్నది విజేత, కుడి చివరనున్నది అట్టడుగు. మొదటి మ్యాచ్ జరిగే రోజు దీపాలవేళకు అరల మీద ఏ వరస ఉంటే అదే ఖాయం. మా అమ్మాయి ఫోన్‌లో ఫొటో తీస్తుంది. ఆ తర్వాత ఎద్దుల కొమ్ములకు బంగారు రంగు పూసి పోళాకు అమ్మేస్తాం. చంద్రపూర్ పిల్లలు ఏటా ఇంగ్లండు జట్లను తాడు కట్టి ఈడ్చుకెళ్తుంటారు, పాపం ఇద్దరికీ తెలియదు. మే నెలలో లీగ్ అయిపోయాక ఆ ఫొటో బయటికి తీసి చూస్తాం. ఎవరి ఎద్దులు ఎక్కువగా సరైన చోట నిలబడ్డాయో, వాళ్లు చెప్పిన రంగే ఆ ఏడు షట్టర్‌కు.

ఏళ్ల తరబడి గెలిచింది మా మరిది. అతనిది ఆకాశనీలం జట్టు. ఎప్పుడు చూసినా అదే గెలుస్తుంది కాబట్టి అతను ప్రతిసారీ దాన్ని ముందు నిలబెడతాడు, ఎప్పుడు చూసినా నెగ్గుతాడు. ఎదురుగా అతనికి మొబైల్ రిపేర్ దుకాణం ఉంది. పొద్దున వచ్చి మా షట్టర్ ముందు నిలబడి, టీ తాగుతూ, "ఏం రంగు వదినె! కండ్లు సల్లబడుతున్నయ్" అంటాడు.

నాకు కడుపు మండేది. ఆ దుకాణం తాళం పొద్దున తీసేది నేను, రాత్రి వేసేది నేను. మా ఆయనకు రాజురా దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. అగరొత్తుల దగ్గర్నుంచి గుమ్మానికి కట్టే తోరణాల దాకా ఏది ఎక్కడుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేది నేను. కానీ ఎవరైనా అడ్రస్ అడిగితే ఊరంతా "ఆ నీలం షట్టర్ దుకాణం" అంటారు. పెళ్లయి వచ్చిన ఇన్నేళ్లలో ఆ షట్టర్ మీద నా ఎరుపు ఒక్కసారి కూడా పడలేదు. ఇదేదో చిన్న విషయం అనుకునేవాళ్లు ఒకరి రంగు కింద పదేళ్లు కూర్చుని చూడాలి. నాకు ఆ దుకాణం నాదనిపించుకోవాలని ఉండేది. అంతే.

దుకాణానికి నిజానికి రెండు షట్టర్లు. రెండోది మామయ్య గద్దె ఉన్న వైపు. ఆయన గద్దె మీద కూర్చుంటే, పక్కన అత్తమ్మ పసుపు, కుంకుమ పొట్లాలు కట్టేదట. ఆయన పోయిన నాటి నుంచి ఆ షట్టర్ లేవలేదు. లోపల గోతాలు, అట్టపెట్టెలు పేర్చుకున్నాం. దానికి రంగు వేస్తామన్నా అత్తమ్మ ఒప్పుకోలేదు. "దాని జోలికి పోవద్దు" అన్నది ఒక్కసారే. మళ్లీ ఎవరమూ ఎత్తలేదు. ఒక షట్టర్ నీలంగా, పక్కది బొగ్గు నల్లగా ఉండేవి.

ఫుట్‌బాల్ నాకు అత్తవారింటి నుంచి అంటుకున్న జబ్బు కాదు, పుట్టింటిదే. నేను ఈ ఊరి పక్కనే ఉన్న దుర్గాపూర్ కోలరీ క్వార్టర్లలో పుట్టి పెరిగాను. మా నాన్న గనిలో బొగ్గు మోసే డంపర్ నడిపేవాడు, సాయంత్రం కాలనీ గ్రౌండులో గోల్‌కీపర్. షిఫ్టు దిగి, మొహం సగమే కడుక్కుని గోల్ ముందు నిలబడేవాడు. బంతి పట్టుకుని లేచేటప్పుడు ఆయన పళ్లు, బంతి రెండే తెల్లగా కనిపించేవి. వాళ్ల జట్టుది ఎరుపు. అందుకే టీవీలో మొదటిసారి ఎర్ర చొక్కాకు తెల్ల చేతులున్న జట్టును చూసినప్పుడు వీళ్లు మనవాళ్లేనని ఖాయం చేసుకున్నాను. అప్పటి నుంచి వాళ్లు రెండో స్థానంలో నిలిచే విద్యలో ఆరితేరారు. నేను ప్రతి ఏడూ వాళ్లను మొదటి చోట నిలబెడుతూనే ఉన్నాను.

కిందటేడాది ఆగస్టు వచ్చేసరికి నాకు పూనకమే. సీజన్ల నడుమ అలాంటి వేసవి మళ్లీ రాదు. మా ఎరుపు జట్టు ఎన్నాళ్లుగానో లేని మంచి స్ట్రైకర్‌ను తెచ్చుకుంది. కర్పూరం డబ్బాల వెనక ఫోన్ ఆనించి పెట్టి, సీజన్‌కు ముందు ఊరికే ఆడే ఫ్రెండ్లీ మ్యాచ్‌లన్నీ చూశాను. ఒకావిడ కొబ్బరికాయ అడిగితే గోల్ పడిందని అరిచానట. ఆవిడ కాయ వదిలేసి వెళ్లిపోయింది. ఫ్రెండ్లీ మ్యాచ్‌లు చూసి జట్టును అంచనా వేయడమంటే పెళ్లిచూపుల్లో అమ్మాయి వంట తినడం లాంటిదని మా ఆయన అంటారు. ఆ రోజు వండింది ఎవరో ఎవరికి తెలుసు? నిజమే, కానీ రుచి రుచే కదా.

నా లెక్కలు నాకుండేవి. కొత్త కోచ్ వచ్చిన మొదటి ఏడు కొత్త కోడలికి మల్లే ఎక్కడ ఏ డబ్బా ఉందో వెతుక్కోవడంతోనే సరిపోతుంది. రెండో ఏడు అందరూ వంకలు పెడతారు. మూడో ఏడు చెయ్యి తిరుగుతుంది. ముదురునీలం జట్టు కోచ్‌కు అది మూడో ఏడు. దాన్ని రెండో చోట నిలబెట్టాను. వంకాయరంగు వాళ్లకు మైదానం నడుమ బలముంది, మూడు. ఆకాశనీలం వాళ్లకు వయసు మీద పడింది, కడుపు నిండింది. వాళ్లను నాలుగో చోటికి తోశాను. నిజం చెప్పాలంటే దానిలో లెక్క సగం, మరిది మీద కసి సగం.

ఏటా అట్టడుగున నిలిచిన మూడు జట్లు కింది లీగ్‌కు దిగిపోతాయి, అక్కడి నుంచి మూడు పైకొస్తాయి. అలా కింది నుంచి వచ్చిన మూడు జట్లకు మా ఇంట్లో మర్యాద తక్కువ. పై లీగ్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లు మళ్లీ దిగిపోతారని అందరం అట్టడుగునే నిలబెడతాం. ఆ ముగ్గురిలో పసుపుపచ్చ జట్టు మరీ బక్కచిక్కినది. కొన్న ఆటగాళ్లు లేరు, ఉన్నవాళ్లలో ఇద్దరు అప్పటికే కుంటుతున్నారు. మా అమ్మాయితో కలిపి నలుగురి అరల్లోనూ పసుపు ఎద్దే చివర.

ఒక వారం పాటు దుకాణం వెనకగది అంతా పెయింట్ డబ్బాలు. మా అమ్మాయి పదకొండో తరగతి. ఇంట్లో తెలుగు, బయట మరాఠీ, కోపం వస్తే రెండూ. నా అర ముందు నిలబడి, "మమ్మీ, ఆకాశనీలం నాలుగా? కాకా చూస్తే చక్కర్ వచ్చి పడతడు" అన్నది. మరిది చూశాడు కూడా. పడలేదు కానీ పొట్ట పట్టుకుని నవ్వాడు.

"వదినె, గిది అంచనా కాదు, మొక్కుబడి."

"మేలో మాట్లాడుదాం."

"మే దాంక ఎందుకు, షట్టర్‌కు ఎన్ని డబ్బాల నీలం గావాల్నో ఇప్పుడే చెప్పి పెట్టుకుంట."

అరల విషయంలో నాకు ప్రతి ఏడూ అన్యాయమే. మంచి అరలు ముందుగా వాళ్లు పట్టేసుకుంటారు. నాకు మిగిలే దాని పక్కన స్విచ్‌బోర్డు ఉండి పొట్టిగా ఉంటుంది. ఎడం ఎడంగా పెడితే పందొమ్మిది ఎద్దులే పడతాయి. ఇరవయ్యో దాన్ని పక్కన అట్టపెట్టె బోర్లించి దాని మీద నిలబెడతాను. చివరిదే కదా, ఎక్కడున్నా ఒకటే. అలా పసుపు ఎద్దు వరసకు దూరంగా పెట్టె మీద ఒంటరిగా నిలబడింది.

మొదటి మ్యాచ్ శుక్రవారం పడింది, అదీ శ్రావణ శుక్రవారం. వ్రతం చేసుకునే మన తెలుగు ఆడవాళ్లంతా మధ్యాహ్నం నుంచే దుకాణానికి ఎగబడ్డారు. ఒకరికి కలశం మీదికి జాకెట్ గుడ్డ, ఒకరికి తోరం దారం, ఒకరికి పద్మాపూర్ బస్సు వెళ్లిపోతుందని తొందర. దీపాలవేళకు నేను గల్లా దగ్గర్నుంచి కదల్లేకపోయాను. వెనకగదిలో అత్తమ్మ దీపం పెట్టింది. మా అమ్మాయి నాలుగు అరలనూ ఫొటో తీసింది. నా వరస ఎలా ఉందో నాకు తెలుసు కాబట్టి చూసుకోలేదు. ఆ రాత్రి పెళ్లికూతురికి పట్టినట్టు పట్టింది నిద్ర, పట్టీ పట్టకుండా.

శనివారం సాయంత్రం ఐదింటికి టీవీ ముందు అందరం చేరాం. మ్యాచ్ మొదలయ్యేలోగా నా వరసను ఒకసారి కళ్లకద్దుకుందామని మా అమ్మాయి ఫోన్ తీసుకున్నాను. ఎడమ చివర నా ఎర్ర ఎద్దు ఉండాల్సిన చోట పసుపు ఎద్దు ఉంది. దాని పక్కన, భుజానికి భుజం రాసుకుంటూ, నా ఎర్ర ఎద్దు. మిగిలినవన్నీ ఒక్కో చోటు కుడివైపుకు జరిగి, సందు లేకుండా ఇరుక్కున్నాయి. పెట్టె ఖాళీ.

"ఎవరు ముట్టుకున్నారు నా అరను?"

నా గొంతు విని మా ఆయన టీవీ సౌండు తగ్గించారు. మరిది కళ్లు పెద్దవి చేసి, "నేనైతే గాదు వదినె, దేవుని తోడు" అన్నాడు. అతని మొహంలో ఆనందం చూస్తే అతనే అనిపించింది కానీ, వెనక నుంచి అత్తమ్మ తాపీగా అన్నది.

"నేనే జరిపిన. ఎందుకు?"

అత్తమ్మ ఎప్పుడూ ఈ పందెంలో లేదు. మేం అరుస్తుంటే ఆమె వేరే గదిలో పప్పు ఏరుకునేది. ఉన్నట్టుండి నా అర మీదే చెయ్యేసింది. ఇక నేను ఆగలేదు. ఒక వేసవి మొత్తం చూసి, ఆలోచించి పెట్టుకున్న వరస అత్తమ్మా, ఈ ఒక్క ఏడు గెలిస్తే నా రంగు పడేది, మీకేం అడ్డమొచ్చింది అని గట్టిగానే అడిగాను. పెద్దావిడ మీద అంత గొంతు అంతకు ముందు ఎప్పుడూ ఎత్తలేదు.

ఆమె బెదరలేదు. "ఒంటెద్దును గట్ల దూరంగ నిలబెడ్తరా ఎవరన్న? దీపం పెట్టే యాళ్లకు? జోడీ లేకుంట ఎద్దు నిలబడొద్దు బిడ్డ. మా అవ్వగారింట్ల పోళాకు ఒక ఎద్దు సచ్చిపోతె, పక్కింటి ఎద్దును తెచ్చి జోడీ చేసి నిలబెట్టిన్రు కని ఒక్కదాన్ని తోరణం కిందికి తోల్లె. ఆ పసుపుపచ్చది, నీ ఎర్రది ఒక్క ఎత్తున్నయ్. పక్కపక్కకు పెట్టిన. ఏం తప్పు చేసిన?"

ఆమెది రాజురా వైపు, ఎద్దులున్న ఇల్లు. నేను క్వార్టర్లలో పుట్టినదాన్ని. మాకు తెలిసిన ఎద్దు డంపర్ ఒక్కటే. జోడీ సంగతి నాకెవరు చెప్పారు?

నేను ఫోన్‌లో ఉన్నది రద్దు చేసి నా అసలు వరస రాసుకుందామన్నాను. మరిది లేచి నిలబడ్డాడు.

"దీపం పెట్టిన యాళ్లకు ఏ వరస ఉంటె గదే ఖాయం. రూల్ పెట్టింది మీరే వదినె."

"సరే, రెండూ పక్కపక్కన ఉన్నాయి కాబట్టి ఎరుపు మొదటిది, పసుపు రెండోది అనుకో" అన్నారు మా ఆయన, నా వైపు చూస్తూ.

"గట్లెట్లయితది? ఎడమ చివరున్నది ఏందో ఫొటోల కనవడ్తలేదా? పచ్చదే ఫస్టు. వదినె ఎరుపు సెకండు. కడమయన్నీ ఒక్కొక్క మెట్టు కిందికి. ఖతం."

ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టెయ్యమన్నట్టుంది వీడి తీర్పు. అట్టడుగున నిలబడాల్సిన బక్క జట్టు లీగ్ గెలుస్తుందని నేను చెప్పినట్టు ఖాయమైపోయింది. ఆ సాయంత్రం మ్యాచ్‌లో ఏమైందో నాకు గుర్తులేదు. వంటింట్లోకి వెళ్లి గిన్నెలు చప్పుడు చేసుకుంటూ కడిగాను.

అత్తమ్మతో మూడు రోజులు ముక్తసరిగా మాట్లాడాను. నాలుగో రోజు ఆమే గల్లా దగ్గరికొచ్చి నిలబడి, "నా పచ్చ ఎద్దు ఏం చేసిందే?" అన్నది. ఓడిపోయిందన్నాను. "ఎంతమంది కొట్టిన్రు దాన్ని?" అన్నది, కొట్లాట సంగతి అడిగినట్టు. నాకు నవ్వు ఆగలేదు. కోపం ఆ నవ్వుతోనే పోయింది.

ఆ శనివారం ఆమె పప్పు చాట తెచ్చుకుని టీవీ ముందు కూర్చుంది. తర్వాత చాట తేవడం మానేసింది. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో మా ఆయన తీపి బిస్కెట్లు పేర్చి చూపిస్తే, ముందుకు పోయిన బిస్కెట్ తినేసి, "పక్కోన్ని ఇడిసిపెట్టి ముందల ఉరికినోనికి గంతే గావాలె" అన్నది. స్ట్రైకర్ ఒంటరిగా పరుగెత్తితే తిట్టేది. "ఏడి వాని జోడీ? ఒక్కడే గుంజుతుండు బండి!" పసుపు జట్టు ఓడితే ఆ రాత్రి మజ్జిగ తాగి పడుకునేది. గెలిస్తే పొద్దున్నే మరిది దుకాణానికి వెళ్లి మరీ చెప్పి వచ్చేది. ఆ చలికాలమంతా మా ఇద్దరికీ ఒకే దుప్పటి, ఒకే టీవీ. నా ఎరుపు ఆడే రోజు ఆమె కూర్చునేది, ఆమె పసుపు ఆడే రోజు నేను. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమెతో అన్ని మాటలు మాట్లాడింది ఆ ఒక్క సీజన్‌లోనే.

మే నెల చివరి ఆదివారం. చంద్రపూర్ ఎండకు గోడలు రాత్రి కూడా కాలుతుంటాయి. ఇరవై జట్లూ ఒకేసారి చివరి మ్యాచ్ ఆడతాయి. భోజనాల వేళకు మొదలైంది, కంచాలు ఎవరూ ముట్టలేదు. నా ఎరుపు గెలవాలి, ఆకాశనీలం ఓడాలి. మొదటిది జరిగింది. రెండోది జరగలేదు. మళ్లీ రెండో స్థానం. నేను తల పట్టుకుని కూర్చున్నాను. పక్కనుంచి అత్తమ్మ చప్పట్లు కొడుతోంది. పసుపు జట్టు కిందికి దిగిపోకుండా, వెంట్రుకవాసిలో తప్పించుకుని, ఆ లీగ్‌లోనే నిలబడింది.

"దిగలే! నా పచ్చది దిగలే!"

మరిది లేచి, "పోళాకు నీలం డబ్బాలు చెప్తున్న" అంటూ నా దగ్గరికొచ్చాడు. ఎద్దు పుండు కాకికి ముద్దా అని ఊరికే అనలేదు. ఏదో అనబోయాను. అంతలో మా అమ్మాయి, ఫోన్‌లో ఫొటో, టీవీలో పట్టిక మార్చి మార్చి చూస్తున్నది కాస్తా కెవ్వుమంది.

"అరే థాంబా! ఆగుండ్రి! మమ్మీ ఎరుపు సెకండ్, కరెక్ట్. ముదురునీలం థర్డ్, కరెక్ట్. వంకాయ ఫోర్త్, కరెక్ట్!"

ఆకాశనీలాన్ని కసికొద్దీ కిందికి తోశాను కదా, అది పైకి పోయి కూర్చునేసరికి, నేను దాని పైన నిలబెట్టిన మూడూ అనుకున్న దానికంటే ఒక మెట్టు దిగాయి. అత్తమ్మ పసుపు ఎద్దును ముందుకు తెచ్చి వరస మొత్తాన్ని జరిపినప్పుడు అవి ఆ మెట్టే దిగాయి. అడుగునా అంతే. పసుపు తప్పించుకునేసరికి, దిగిపోయిన అట్టడుగు మూడు జట్లు, జరిగిన వరసలో ఎక్కడున్నాయో సరిగ్గా అక్కడే పడ్డాయి. మొత్తం ఆరు ఎద్దులు. మరిదికి నాలుగే. పసుపు మొదటిదని అతను పట్టుబట్టకపోతే నా ఎరుపు తప్పయ్యేది.

నేను ఎగిరి గంతేశానని మా ఆయన అంటారు. నాకు గుర్తున్నది అత్తమ్మను గట్టిగా వాటేసుకోవడం, ఆమె "ఎముకలిరుగుతయ్ ఇడువే" అనడం. నేను ప్రతి జట్టు మీదా ఒక మెట్టు ఎక్కువ ఆశపడతానని ఆ రోజే నాకు తెలిసింది.

అసలు గొడవ అప్పుడు మొదలైంది. గెలిచింది ఎవరు? అర నాది కాబట్టి నేనే గెలిచానన్నారు మా ఆయన. వరస జరిపిన చెయ్యి ఆజీది కాబట్టి గెలిచింది ఆజీయే అని నానమ్మ వైపు చేరింది మా అమ్మాయి. మరిది ఇద్దరూ కాదు, పందెం రద్దు అన్నాడు. అతనికి రూల్స్ మీద ప్రేమ అంతలోనే తగ్గిపోయింది. నాకూ లోపల ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. నా వరస నా వరసగా ఉండి ఉంటే ఓడిపోయేదాన్నే. జూన్ పోయింది, జూలై పోయింది, తేలలేదు.

ఈ ఆగస్టులో గోతాల్లో ఎద్దులు దిగిన రోజు పెయింటర్ నిచ్చెన వేసుకుని వచ్చాడు. ఏ రంగు వేయాలని అడిగితే నలుగురం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. అత్తమ్మ లోపల్నుంచి వచ్చింది. కొంగు ముడి విప్పి ఒక తాళం చెవి తీసింది. తుప్పు పట్టకుండా నూనె రాసి ఉంది.

"జోడీ చేసింది నేను. రంగు కూడ నేనే చెప్త. ఈ షట్టర్‌కు ఎరుపు, దీని కింద కూసునేది గిదే కదా" అని నన్ను చూపించింది. తర్వాత నల్లగా మసిబారిన రెండో షట్టర్ దగ్గరికి నడిచింది. "దీనికి పచ్చ."

మరిదికి నోటికి అడ్డూ ఆపూ ఉండదు. "ఎరుపు, పచ్చ... పసుపు కుంకుమ లెక్క కనవడ్తదే అవ్వ" అనేశాడు. అని, నాలుక కరుచుకున్నాడు. మామయ్య పోయాక ఆమె ఆ రెండింటినీ అమ్మకానికి కూడా పొట్లం కట్టలేదు. పెయింటర్ ఏమీ అర్థం కాక డబ్బా మూత తీసి మళ్లీ పెట్టాడు.

అత్తమ్మ నవ్వింది. "కనవడ్తె కనవడనీ. దుకాణంల అమ్మేది గదే కదరా."

తాళం తేలిగ్గానే వచ్చింది కానీ షట్టర్ రాలేదు. ఇన్నేళ్లు కదలనిది. ఆమె కిందికి వంగి ఒక చివర పట్టుకుని నా వైపు చూసింది.

"ఏం జూస్తున్నవ్? ఆ కొస వట్టుకో. ఒంటిగ లేస్తదా గిది?"

నేను వెళ్లి రెండో చివర పట్టుకున్నాను. ఇద్దరం ఒకేసారి ఎత్తాం. బొగ్గుధూళి మా ఇద్దరి తలల మీద పడింది.